పింగాణీ పొరలోంచి హైడ్రోజన్

మట్టిని కాల్చే విద్యకు పుదుచ్చేరిలో రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. పట్నానికి దక్షిణాన ఏటి ఒడ్డునున్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపినప్పుడు రోమన్ల కాలపు మధుభాండాల పెంకులు, ఇటలీ నుంచి ఓడల్లో వచ్చిన ఎర్రటి నున్నని పళ్లేల ముక్కలు బయటపడ్డాయి. వాటితో పాటే ఇక్కడి కుమ్మరులు చేసిన పాత్రల పెంకులూ దొరికాయి. 1971లో అమెరికా నుంచి వచ్చిన రే మీకర్, డెబొరా స్మిత్ ఇదే పట్నంలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని ప్రారంభించారు. అక్కడ చెయ్యి తిరిగినవాళ్లు ఆ తర్వాత పుదుచ్చేరి, ఆరోవిల్ చుట్టుపక్కల సొంత ఆవాలు పెట్టుకున్నారు. మీకర్ 1980లలో మరీ సాహసం చేశారు. పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టి, ఆ ఇంటినే ఆవంగా మార్చి, లోపల మంటపెట్టి గోడలూ కప్పూ అన్నీ ఒకేసారి కాల్చారు.

ఈ పట్నపు కుమ్మరికి బాగా తెలిసిన సమస్యలే కొన్ని ఇప్పుడు ఇంధన శాస్త్రవేత్తల బల్లల మీదికి వచ్చాయి. మట్టి ఎండేటప్పుడు, కాలేటప్పుడు ఎంత కుంచించుకుపోతుంది? లోపలి మట్టి ఒక తీరుగా, పైపూత మరో తీరుగా వ్యాకోచిస్తే పాత్ర ఎక్కడ చిట్లుతుంది? మంట ఒక పక్క ఎక్కువై మరో పక్క తగ్గితే ఏమవుతుంది? వాళ్లు చేస్తున్నది కూజా కాదు, కప్పు కాదు. ఊహకు కూడా అందనంత చిన్నదైన హైడ్రోజన్ కేంద్రకాన్ని తప్ప మరి దేన్నీ దాటనివ్వని పింగాణీ గొట్టం. దాన్ని సెరామిక్ మెంబ్రేన్ రియాక్టర్ అంటున్నారు. హైడ్రోజన్ పుట్టడం, వేరుపడటం, పీడనంతో చిక్కబడటం ఈ మూడు పనులూ అందులో ఒకే చోట జరుగుతాయి.

అది ఎందుకంత విశేషమో తెలియాలంటే, ఇవాళ హైడ్రోజన్ ఎలా తయారవుతోందో ముందు చూడాలి.

2023లో ప్రపంచం వాడుకున్న హైడ్రోజన్ సుమారు 9 కోట్ల 70 లక్షల టన్నులు. అందులో కాలుష్యం తక్కువగా ఉండే పద్ధతుల్లో తయారైంది నూటికి ఒక వంతు కూడా లేదు. మిగిలినదంతా సహజవాయువు, బొగ్గు, చమురు నుంచి వచ్చిందే. మన దేశం ఏటా వాడే సుమారు 50 లక్షల టన్నులలో చాలా భాగం ఎరువుల కర్మాగారాలకు, చమురు శుద్ధి కర్మాగారాలకు పోతోంది. రైతు పొలంలో చల్లే ప్రతి యూరియా గుళిక వెనకా హైడ్రోజన్ ఉంది. యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి.

సహజవాయువులో ఉండేది ప్రధానంగా మీథేన్. దాన్ని నీటి ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకం నింపిన ఉక్కు గొట్టాల్లోకి పంపి, 800 డిగ్రీలకు పైగా వేడిచేస్తారు. ఒక మీథేన్ అణువు, రెండు నీటి అణువులు పూర్తిగా చర్య జరిపితే ఒక బొగ్గుపులుసు వాయువు అణువు, నాలుగు హైడ్రోజన్ అణువులు వస్తాయి. ఆ నాలుగింటిలో రెండు మీథేన్ నుంచి, రెండు నీటి నుంచి వచ్చినవి. అంటే గ్యాస్ నుంచి తీశామని చెప్పుకునే హైడ్రోజన్‌లో సగం నిజానికి నీళ్లదే. ఈ లెక్క చాలామందికి తెలియదు.

కానీ చర్య అంత సాఫీగా సాగదు. అది వేడిని విపరీతంగా పీల్చుకుంటుంది. ఆ వేడి ఇవ్వడానికి గొట్టాల బయట మళ్లీ గ్యాసే మండించాలి. ఆ పొగలో బొగ్గుపులుసు వాయువు గాలిలోని నత్రజనితో కలిసిపోయి పలచగా ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం ఖర్చుతో కూడిన పని. గొట్టం లోపల వచ్చిన మిశ్రమంలో కర్బన ఆక్సైడ్లూ, మిగిలిపోయిన మీథేన్, ఆవిరీ ఉంటాయి. దాన్ని చల్లార్చాలి, మరో పాత్రలో మరికొంత చర్య జరిపించాలి, ఆ తర్వాత శుద్ధిచేసే స్తంభాల్లోకి పంపాలి. చివరికి కంప్రెసర్లతో నొక్కాలి. కిలో హైడ్రోజన్ చేతికొచ్చేసరికి సుమారు పది కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలుస్తుంది.

ఇన్ని అంచెలు ఎందుకంటే, రసాయన చర్య ఒక స్థాయికి వచ్చాక ఆగినట్టే ఉంటుంది. హైడ్రోజన్ పోగుపడేకొద్దీ అది వెనక్కి తిరిగి మీథేన్‌గా మారడానికి చూస్తుంది. ముందుకు నడిచే వేగమూ వెనక్కి నడిచే వేగమూ సమానమైతే ఇక లాభం లేదు. అయితే పుట్టిన హైడ్రోజన్‌ని పుట్టినచోటి నుంచి అప్పటికప్పుడు తీసేస్తుంటే? తోడినకొద్దీ ఊరే చెలమలా, తీసినకొద్దీ ఇంకా పుడుతూనే ఉంటుంది. రియాక్టర్ గోడనే జల్లెడగా మార్చడం వెనకున్న అసలు సంగతి ఇదే.

ఆ జల్లెడ కోసం వెతుకులాట చాలా పాతది. 1866లో స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం పల్లాడియం లోహం హైడ్రోజన్‌ని తనలోకి పీల్చుకుంటుందని కనిపెట్టాడు. పల్చటి పల్లాడియం రేకు ఒక పక్క నుంచి హైడ్రోజన్ లోపలికి దూరి, రెండో పక్క నుంచి బయటికి వస్తుంది, వేరే వాయువులు రావు. ఈ సూత్రంతో జపాన్‌లో టోక్యో గ్యాస్ సంస్థ గంటకు 40 ఘనపు మీటర్ల హైడ్రోజన్ ఇచ్చే పరికరాన్ని నడిపి చూపించింది. పని చేసింది. కానీ పల్లాడియం ఖరీదైన లోహం. గంధకం తగిలితే పాడవుతుంది. వేడి తగ్గినప్పుడు హైడ్రోజన్ వల్లే పెళుసుబారుతుంది. రంధ్రాలున్న పింగాణీ గొట్టం మీద పల్లాడియాన్ని పల్చటి పూతగా వేసి ఖర్చు తగ్గించే ప్రయత్నాలు చాలానే జరిగాయి. ఆ ప్రయత్నాల్లో పింగాణీ ఆసరాగా మాత్రమే ఉంది. అసలు పని లోహానిదే.

పింగాణీయే ఆ పని చేయగలదని 1981లో జపాన్ శాస్త్రవేత్త హిరోయాసు ఇవహరా, ఆయన సహచరులు చూపించారు. స్ట్రాన్షియం, సీరియం ఆక్సైడ్లతో చేసిన పదార్థంలో సీరియం కొంత తీసి, తక్కువ విద్యుదావేశమున్న మరో మూలకాన్ని చేర్చారు. ఆవేశం తగ్గిన మేరకు స్ఫటికంలో అక్కడక్కడా ఆక్సిజన్ స్థానాలు ఖాళీ అయ్యాయి. వేడిగా ఉన్నప్పుడు నీటి ఆవిరి తగిలితే ఆ ఖాళీల్లో నీటి అణువులోని ఆక్సిజన్ కూర్చుంటుంది. దాని వెంట వచ్చిన ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, ఒక ఆక్సిజన్ నుంచి పక్క ఆక్సిజన్‌కు గెంతుతూ స్ఫటికం అంతా తిరుగుతాయి. బయట చూస్తే గట్టి రాయి. గాలి దూరదు, నీరు దూరదు. లోపల మాత్రం ప్రోటాన్లు నడుస్తున్నాయి.

ఇక్కడి నుంచి నలభై ఏళ్ల కథ దాదాపు అంతా ఆవం దగ్గరి కథే. సీరియం రకం పదార్థాలు ప్రోటాన్లను చక్కగా దాటనిస్తాయి కానీ బొగ్గుపులుసు వాయువు తగిలితే కార్బొనేట్‌గా మారి విరిగిపోతాయి. మీథేన్‌తో పనిచేసే పరికరంలో ఆ వాయువు లేకుండా ఎలా ఉంటుంది? జిర్కోనియం రకం పదార్థాలు దాన్ని తట్టుకుంటాయి. కానీ వాటిని చిక్కగా కాల్చాలంటే మామూలు పద్ధతిలో 1600 డిగ్రీలు దాటాలి. కుమ్మరి స్టోన్‌వేర్ కాల్చేది 1300 డిగ్రీల దగ్గర. 1600 దాటిన వేడిలో, ఆ పదార్థాల్లో ఉండే బేరియం ఆవిరైపోయి వాటి కూర్పే మారిపోతుంది. పైగా రేణువుకూ రేణువుకూ మధ్యనుండే సరిహద్దుల దగ్గర ప్రోటాన్లకు అడ్డు తగులుతుంది, కాబట్టి రేణువులు పెద్దవిగా ఎదగాలి. ఈ రెండు రకాలనూ కలిపి, కాస్త ఇట్రియం చేర్చి బేరియం జిర్కోనేట్ సీరేట్ అనే మిశ్రమాన్ని తయారుచేశారు. కొద్దిగా నికెల్ ఆక్సైడ్ కలిపితే తక్కువ వేడికే అది గట్టిపడుతుందని తేలడం పెద్ద మలుపు. అమెరికాలోని కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో ర్యాన్ ఒహేర్ బృందం ఈ తేలిక పద్ధతితో చేసిన ఇంధన ఘటాల (ఫ్యూయల్ సెల్స్) ఫలితాలను 2015లో సైన్స్ పత్రికలో ప్రకటించింది.

ఇలాంటి గొట్టంలో మూడు పొరలుంటాయి. బరువు మోసే మందపాటి పొర నికెల్, పింగాణీ కలిసినది. దాని మీద ప్రోటాన్లను దాటించే అసలు పొర, సుమారు 30 మైక్రాన్ల మందం, అంటే మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు. ఆ పైన మరో ఎలక్ట్రోడ్ పొర. ముద్దను అచ్చులోంచి గొట్టంగా నొక్కి, పైపొరలు పూసి, కాలుస్తారు. కాలేటప్పుడు పొరలు ఒకే తీరుగా కుంచించుకుపోకపోతే గొట్టం వంకర పోతుంది. సూదిమొనంత రంధ్రం ఉన్నా వాయువులు కలిసిపోతాయి, అంతటితో ఆ గొట్టం పనికిరాదు. తీరా బాగా వచ్చిన గొట్టాన్ని మరో గొట్టానికి కలపాలంటే, 800 డిగ్రీల వేడిలోనూ ఊడని, పగలని అతుకు కావాలి. శాస్త్ర పత్రాల్లో ప్రోటాన్ల గురించి ఎంత రాసినా, ప్రయోగశాలల్లో ఏళ్లకు ఏళ్లు మింగేసింది ఈ అతుకుల సమస్యే.

ఈ దారిలో అందరికన్నా ముందు నడిచిన సంస్థ పుట్టుక కూడా కుండల పని నుంచే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్ పట్నంలో 1910లో హెరాల్డ్ చైనా అండ్ పాటరీ కంపెనీ మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ నుంచి ప్రయోగశాలల పింగాణీ సామగ్రి రావడం ఆగిపోతే, ఆ లోటును తీర్చే పనికి దిగింది. తర్వాత కూర్స్ పోర్సిలైన్‌గా, ఆపైన కూర్స్‌టెక్‌గా పేరు మారింది. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం నుంచి 2008లో పుట్టిన ప్రోటియా అనే చిన్న సంస్థను కూర్స్‌టెక్ కలుపుకొంది. వాళ్లు స్పెయిన్‌లోని వాలెన్సియా పరిశోధకులతో కలిసి చేసిన పనే ఈ రంగానికి ఊపు తెచ్చింది.

2017లో నేచర్ ఎనర్జీ పత్రికలో వచ్చిన వారి పత్రం ప్రకారం, 800 డిగ్రీల దగ్గర మీథేన్ పూర్తిగా మారిపోయింది. పుట్టిన హైడ్రోజన్‌లో 99 శాతం పొర దాటింది. దాటుతూనే 50 బార్ల పీడనానికి చేరింది. వేరే కంప్రెసర్ లేదు. రోజుకు పది కిలోల హైడ్రోజన్ చేసే చిన్న ప్లాంటుకు లెక్కకట్టి చూస్తే శక్తి సామర్థ్యం 87 శాతం దాటింది.

ఇందులో అందమైన విషయం వేడి లెక్క. గొట్టం లోపల మీథేన్, ఆవిరి నికెల్ మీద చర్య జరిపి హైడ్రోజన్ ఇస్తాయి. ఆ హైడ్రోజన్ ఎలక్ట్రాన్లను వదిలేసి ప్రోటాన్లుగా పొరలోకి వెళుతుంది. విద్యుత్తు ఆ ప్రోటాన్లను అవతలి పక్కకు నెడుతుంది. అక్కడ అవి ఎలక్ట్రాన్లతో కలిసి మళ్లీ హైడ్రోజన్ అవుతాయి. ఎంత ఎక్కువ నెడితే అవతల అంత ఎక్కువ పీడనం. విద్యుత్తు ఇలాంటి పదార్థంలో ప్రవహిస్తే కొంత వేడి పుడుతుంది, వాయువును నొక్కినా వేడి పుడుతుంది. మామూలు యంత్రాల్లో ఆ వేడి వృథా. ఇక్కడ మాత్రం, ఆ వేడి కోసమే ఎదురుచూస్తున్న చర్య అదే గోడకు ఆనుకుని ఉంది. పుట్టిన వేడి పుట్టినచోటే ఖర్చవుతుంది. బయట గ్యాస్ మండించే పొయ్యి అక్కర్లేదు, అందువల్ల పొగ గొట్టమూ అక్కర్లేదు. హైడ్రోజన్ తీసేశాక లోపల మిగిలేది చిక్కటి బొగ్గుపులుసు వాయువు. దాన్ని పట్టుకుని దాచడం పలచటి పొగలోంచి ఏరుకోవడం కన్నా ఎంతో సులువు.

అయినా ఒక్క గొట్టంతో ఊరికి ఇంధనం రాదు. 2022 ఏప్రిల్‌లో అదే బృందం, ఓస్లో విశ్వవిద్యాలయంతోనూ నార్వేకు చెందిన సింటెఫ్ సంస్థతోనూ కలిసి, సైన్స్ పత్రికలో తర్వాతి అడుగును వివరించింది. డేనియల్ క్లార్క్ మొదటి రచయితగా వచ్చిన ఆ పత్రంలో 36 గొట్టపు ఘటాలను పేర్చి ఒకే రియాక్టర్‌గా కూర్చారు. ఘటాల మధ్య అతుకులకు గాజు, పింగాణీ, నికెల్ కలిసిన కొత్త మిశ్రమం వాడారు. వేడి ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ కాకుండా వాయువులను ఎదురెదురుగా నడిపించారు. మీథేన్‌తో 99 శాతానికి పైగా హైడ్రోజన్ రాబట్టారు. బయోగ్యాస్‌తో, అమ్మోనియాతో కూడా నడిపారు. పీడనం 140 బార్లు దాటినా పనిచేస్తుందని నిర్ధారించారు.

ఆ చివరి మాటల్లో ఉన్న అమ్మోనియా తెలుగు పాఠకుడు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక ముక్క, రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున ఉంది. అదే యానాం. తెలుగు మాట్లాడే ఈ ఊరి పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది రీజెన్సీ సెరామిక్స్ టైల్స్. యానాంకు దగ్గర్లోని గాడిమొగలోనే బంగాళాఖాతపు కేజీ డీ6 గ్యాస్ 2009 నుంచి ఒడ్డుకు చేరుతోంది. మరికొంచెం ముందుకు వెళితే కాకినాడ. అక్కడి నాగార్జున ఫెర్టిలైజర్స్ 1990లలో గ్యాస్ నుంచి హైడ్రోజన్, దాన్నుంచి అమ్మోనియా, దాన్నుంచి యూరియా చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడదే ప్రాంగణంలో గ్రీన్‌కో వ్యవస్థాపకుల ఏఎం గ్రీన్ సంస్థ, గ్యాస్ లేకుండా, సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఏటా 10 లక్షల టన్నుల అమ్మోనియా చేసే ప్రాజెక్టు చేపట్టింది. దాని పెట్టుబడిపై తుది నిర్ణయం 2024 ఆగస్టులో జరిగింది. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి 4న ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు కేటాయింపు 19,744 కోట్ల రూపాయలు. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి దాని లక్ష్యం.

హైడ్రోజన్ చేసి అమ్మోనియాగా ఎందుకు మార్చడం? హైడ్రోజన్‌ని ద్రవంగా ఓడెక్కించాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి. అమ్మోనియాకు మైనస్ 33 చాలు. దాని బరువులో 17.6 శాతం హైడ్రోజనే, కర్బనం అసలు లేదు. ప్రపంచమంతటా అమ్మోనియా ఓడలు, ట్యాంకులు, రేవులు ఎప్పటినుంచో ఉన్నాయి. చిక్కు దిగుమతి చేసుకున్న చోట వస్తుంది. అమ్మోనియాను ఎరువుకు వాడితే సరే. హైడ్రోజన్‌గానే కావాలంటే దాన్ని మళ్లీ పగలగొట్టాలి. అందుకు వేడి కావాలి, నత్రజనిని వేరుచేయాలి, మిగిలిన అమ్మోనియా జాడను కూడా తొలగించాలి. బస్సులు, కార్లలో వాడే ఇంధన ఘటాలకు పంపే హైడ్రోజన్‌లో అమ్మోనియా కోటి పాళ్లలో ఒక పాలు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. ప్రోటాన్లను తప్ప మరి దేన్నీ దాటనివ్వని పింగాణీ పొర ఇక్కడ సరిగ్గా అక్కరకు వస్తుంది. పగలగొట్టడం, వేరుచేయడం, నొక్కడం మూడూ ఒకే గొట్టంలో జరుగుతాయి.

ఆశ ఎంత ఉన్నా అడ్డంకులను దాచడం న్యాయం కాదు. 36 ఘటాల రియాక్టర్ ప్రయోగశాల పరికరమే. కాకినాడ స్థాయి కర్మాగారానికీ దానికీ మధ్య దూరం చాలా ఉంది. పింగాణీ పదే పదే వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కితే ఎక్కడో ఒకచోట చీలిక వస్తుంది. ఎండ ఉన్నప్పుడు నడిచి రాత్రి ఆగే విద్యుత్తుతో ముడిపెడితే ఆ ప్రమాదం పెరుగుతుంది. గ్యాస్‌లోని గంధకం నికెల్‌ను పాడుచేస్తుంది. ఆవిరి తక్కువైతే నికెల్ మీద మసి పేరుకుంటుంది. నెట్టే విద్యుత్తు బొగ్గు కేంద్రం నుంచి వస్తే, ఇక్కడ తగ్గించామనుకున్న పొగ అక్కడ లేస్తుంది. పింగాణీ పొరలనే నమ్ముకుని అమెరికాలో ఎయిర్ ప్రొడక్ట్స్ సంస్థ, అక్కడి ఇంధన శాఖ దశాబ్దానికి పైగా కృషిచేసిన ఆక్సిజన్ పొరల కార్యక్రమం మార్కెట్ దాకా రాలేకపోయింది. అక్కడ దాటాల్సింది ప్రోటాన్లు కాదు, ఆక్సిజన్ అయాన్లు. పదార్థం వేరైనా పెళుసుదనం ఒకటే.

మన దగ్గర హైడ్రోజన్ మీద జరిగే చర్చంతా ఎన్ని మెగావాట్లు, ఎన్ని ఎకరాలు, ఎన్ని లక్షల టన్నులు అన్న దగ్గరే తిరుగుతోంది. అమ్మోనియాను తయారుచేసి ఓడెక్కించడం మీద ఉన్న శ్రద్ధలో నాలుగో వంతైనా, దాన్ని తిరిగి విడగొట్టే పరికరాలు చేయడం మీద కనబడాలి. అమ్మోనియా మనదై, దాన్ని హైడ్రోజన్‌గా మార్చే గొట్టాలు నార్వేవో అమెరికావో అయితే, లాభంలో ఎక్కువ వాటా ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. పదార్థ శాస్త్రం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ ఆధునిక పింగాణీ మీద పరిశోధించే జాతీయ సంస్థ. దాని ఇంధన ఘటాల కేంద్రం చెన్నైలో ఉంది. కలకత్తాలో కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థ ఉంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో మదన్‌జీత్ సింగ్ పేరున్న హరిత ఇంధన సాంకేతిక విద్యాలయం ఉంది. దానికి కాస్త దూరంలోనే, ఐదు దశాబ్దాలుగా మంటను చూసి ఆవంలో ఏం జరుగుతోందో చెప్పగల కుమ్మరుల తరం ఉంది.

కుమ్మరి అనుభవం ఒక్కటే చాలదు, నిజమే. ఈ గొట్టాలకు మైక్రాన్ కన్నా సన్నని పొడి కావాలి. గంటకు ఎన్ని డిగ్రీల చొప్పున వేడి పెరగాలో పట్టుగా నడిపించే విద్యుత్ కొలిమి కావాలి. ఒక్కొక్క గొట్టంలోకి హీలియం పంపి, ఎక్కడ లీకవుతోందో పట్టుకునే పరీక్షలు కావాలి. వేల గంటలపాటు ఆపకుండా నడిపి, ఎన్నో గంటకు ఏ అతుకు వదులైందో రాసిపెట్టే ఓపిక కావాలి. మొదట చేయదగ్గ పని చిన్నదే: ఏటా లక్షల టన్నుల అమ్మోనియా చేరబోయే కాకినాడ రేవు దగ్గర, రోజుకు పది కిలోల హైడ్రోజన్ ఇచ్చే ఒక పరీక్షా రియాక్టర్. దాని గొట్టాలు మొదటి ఏడాది బయటి దేశానివైనా పర్వాలేదు. పగిలిన ప్రతి గొట్టాన్నీ కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే ప్రయోగశాల మాత్రం ఇక్కడే ఉండాలి.